ఐదొందల మంది, ఐదు నిమిషాలు

ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌ చేయించుకునేవాళ్లు ఇంటినుంచే ఫోన్లో వంతు తీసుకునేలా పలాసలోని ఓ చిన్న సంస్థ ఒక యాప్ తయారుచేసింది. ఎంతమంది ఒక్కసారిగా వస్తే అది తట్టుకుంటుందో చూసే బాధ్యత త్రినాథరావుది. జనానికి బదులు కంప్యూటరే వందలసార్లు నొక్కి చూసే బెంచ్‌మార్క్ సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని నడపాలంటే మూడొందల వరసల ఫైలు సరిచేయాలి. ఒక్క కామా జారినా కదలదు. ఆ పని ఆయనొక్కడికే వచ్చు.

ఆయన దగ్గర పనిచేసే ప్రమోదినికి ఇది నచ్చలేదు. రెండు నెలలు కూర్చుని ఆ ఫైలును ఎవరూ ముట్టనక్కర్లేకుండా ఒక తెర తయారుచేసింది. ఎంతమంది, ఎంతసేపట్లో అని తెలుగులో రెండు గళ్లు, కింద 'నడుపు' అని ఒక బటన్.

"బాగానే ఉంది గానీ, పరీక్షంటే తెలిసినోళ్లు సెయ్యాలమ్మా," అన్నాడు త్రినాథరావు. "ఐదొందల మందితో నాను సేసీసాను. పాసైపోనాది."

తెలియనివాళ్లు వాడగలరో లేదో చూద్దామని ప్రమోదిని ల్యాప్‌టాప్ పట్టుకుని డయాలసిస్ కేంద్రానికి వెళ్లింది. అక్కడ పేర్లు రాసే నీలమ్మ పదో తరగతి దాకా చదువుకుంది. ఆమె భర్త కూర్మయ్య కూడా వారానికి రెండుసార్లు అక్కడే డయాలసిస్ చేయించుకుంటాడు.

గళ్లలో ముందే ఉన్న అంకెల్ని నీలమ్మ పైకి చదివింది. "ఐదొందల మంది, గంటలో. ఇదెవులు రాసినారు పాపా?"

"మా సార్ అక్కా."

"మావోలు గంటసేపు ఆగుతారేటి? ఆరింటికి తెరుత్తారంటే ఐదు నిమిషాల్లో అందరూ నొక్కీత్తారు. వంతు దొరక్కపోతే ఒల్లంతా నీరు పట్టేత్తాది మరి." గంట చెరిపి ఐదు నిమిషాలు చేసింది. "మళ్లీ మళ్లీ నొక్కీవోలకి గడి ఏదీ?"

ఆ గడి లేదు. ప్రమోదినికి ఆ ఆలోచనే రాలేదు. "ముందు ఇది నడుపక్కా," అంది.

నీలమ్మ బటన్ నొక్కింది. జవాబుకి మొదట రెండు సెకన్లు పట్టింది, తర్వాత తొమ్మిది, తర్వాత నలభై. మూడో నిమిషంలో పరీక్ష సర్వర్ ఆగిపోయింది.

"నాను పాడుసేసీసినానేటి?"

"లేదక్కా," అంది ప్రమోదిని. మరో పది రోజుల్లో యాప్ మొదలవ్వాలి. పాసైందన్న మాటను తనూ నమ్మింది. అవతలి గదిలో యంత్రాల పక్కన పడుకున్నవాళ్ల వైపు చూడలేకపోయింది.

సాయంత్రం త్రినాథరావు ఫలితం చూశాడు. "ఆ గంట అనీది నా ఊహమ్మా. ఎవులినీ అడగలేదు," అన్నాడు.

మర్నాడు ఆయనే బస్సెక్కి నీలమ్మ దగ్గరికి వెళ్లాడు. నాలుగిళ్లకి ఒకే ఫోను ఉంటుందనీ, సిగ్నల్ కోసం మేడలెక్కుతారనీ తెలుసుకుని వచ్చాడు. మళ్లీ మళ్లీ నొక్కేవాళ్లకీ, వీటికీ ప్రమోదిని గళ్లు చేర్చింది. ఆ తాకిడిని తట్టుకునేలా యాప్‌ని సరిచేయడానికి ప్రారంభం మూడు వారాలు వాయిదా పడింది. తప్పు తనదేనని పైవాళ్లకి ఆయనే చెప్పుకున్నాడు.

మొదటిరోజు యాప్ ఎక్కడా ఆగలేదు. ఆరున్నరకి నీలమ్మ ఫోన్ చేసింది. "ఇరవయ్యొక్క మందికి వంతు రాలేదు పాపా."

ప్రమోదిని ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. "మళ్లీ ఆగిందా?"

"లేదు. బెడ్లే సాల్లేదు. దానికి నువ్వేటి సేత్తావులే. ఇదివరకు ఇంత దూరం వచ్చాక తెలిసీది. ఈయేల ఇంటికాడే తెలిసింది. ఇప్పుడు వోలకి ఫోన్లు సేసి, ఎవుల్ని ముందు రమ్మనాలో సూత్తన్నాను."