ఆరోగ్యం చీటీ

1944 సెప్టెంబరు తొమ్మిదిన, రష్యా సైన్యం బల్గేరియా సరిహద్దు దాటిన మర్నాడు, సోఫియాలో కమ్యూనిస్టులు గద్దెనెక్కారు. ఏడేళ్ల రాజు పేరుకే మిగిలాడు. కొండల్లో దాక్కుని పోరాడిన కమ్యూనిస్టు దళం స్తమెన ఉండే ఊళ్లోకి దిగి ఊరి కచేరీలో కూర్చుంది. వాళ్లతో కొండలెక్కిన ఆమె కొడుకు కాలిన్ మాత్రం వాళ్లలో లేడు.

"మే నెలలోనే పోలీసులు కాల్చేశారు పిన్నీ," అన్నాడు దళనాయకుడు దోబ్రి.

మే అనగానే స్తమెన ఒళ్లు భగ్గుమంది. ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థనలో చదవమని ఫాదర్ ఎవ్తీమ్‌కు రెండు చీటీలిచ్చేది. బతికున్నవాళ్ల పేర్లు ఒకదాంట్లో, ఆరోగ్యం కోసం, పోయినవాళ్లవి ఇంకోదాంట్లో. మే నెలలో ఒక ఆదివారం ఆయన కాలిన్‌ను పోయినవాళ్లలో కలిపి చదివాడు. ముసలాయనకు చూపు ఆనలేదనుకుని అప్పుడు ఊరుకుంది. ఇప్పుడు తెలిసొచ్చింది! పట్టించినవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

"ఆ గడ్డం ఫాదరే పోలీసులకు అమ్మేశాడురా నా బిడ్డని!"

దోబ్రి రెండో మాట అడగలేదు. మధ్యాహ్నానికల్లా ఫాదర్‌ను 'విచారణకు' అంటూ లారీ ఎక్కించారు. స్తమెన గుమ్మంలో నిలబడి చూసింది. కడుపు చల్లబడింది కూడా, అబద్ధమెందుకు?

వాళ్ల చర్చిలో ఫాదర్లకు పెళ్లిళ్లుంటాయి; మర్నాడు పొద్దున్నే ఫాదర్ భార్య జ్లాట్క వచ్చి, "రా, చూద్దువుగాని," అంది. శ్మశానం గోడ అవతలికి తీసుకెళ్లి, శిలువ లేని మట్టిదిబ్బ చూపించింది.

"మీవాడే. పోలీసులు పడేసి పోతే మా ఆయన ఒక్కడే గొయ్యి తవ్వి, ప్రార్థన చదివి పూడ్చాడు. నీకు చెబితే గొల్లుమంటావు, వాడు నీ కొడుకని తెలిసి పోలీసులు నీ ఇల్లు తగలబెడతారని దాచాం. కానీ చనిపోయినవాడికి ఆరోగ్యం అడగడానికి ఆయనకు నోరు రాలేదే, స్తమెనా!"

స్తమెన పడుతూ లేస్తూ కచేరీకి పరుగెత్తింది.

"తప్పు నాదిరా దోబ్రీ! ఆయన్ని తెచ్చెయ్యి, నీ కాళ్లు పట్టుకుంటాను!"

"ఎక్కణ్ణించి తేను పిన్నీ? నువ్వు చెప్పావనేగా మేము..." దోబ్రి తన ముందున్న రొట్టె తుంచుకున్నాడు.

ఆమె తిరిగొచ్చేసరికి జ్లాట్క ఆ దిబ్బ మీద గడ్డి పీకుతోంది. స్తమెన మొహం చూడగానే చేతులు ఆగిపోయాయి.

"నీవాణ్ణి ఎక్కడ పెట్టామో చూపించాను," అంది. "మరి నావాణ్ణి ఎక్కడ పడేశారో, అదైనా అడిగావా?"

అడగలేదు. అడగాలని కూడా తోచలేదు స్తమెనకు.