తొమ్మిదితో భాగం పోయే నంబరు

పుంగనూరు బస్టాండు ముందర మా అన్న మణికంఠను గంగాధరం మామ చూసినాడు. పిలిచేలోపే అన్న టమోటా టెంపో కదిలిపోయింది. మామ వెనక నుంచి ఫోటో తీసి నాకు పంపినాడు. బండి నంబరును పట్ట కప్పేసింది. వెనక తలుపు మీద ‘కుప్పం’ అని, దాని కింద ఒక సెల్ నంబరు. చివరి రెండంకెల మీద తాడు అడ్డం పడింది.

మూడేండ్ల కిందట అన్న నడిపే టెంపో మీద నుంచి పడి నాయన పోయినాడు. శవం ముందరే అమ్మ, “నా మొగుణ్ణి నువ్వే సంపితివి” అనింది. దినం కాకముందే అన్న వెళ్లిపోయినాడు. ఆ మాట వెనక్కి తీసుకోవాలనే అమ్మ ఇప్పుడు బతుకుతా ఉంది.

మదనపల్లె యార్డులో టమోటాలు ఏరే పని అయిపోయినాక అమ్మ షెడ్డు నీడలో నా పక్కన కూర్చునింది.

“నూరు నంబర్లకు చేయాలమ్మా,” అన్నాను.

“వాడు తొమ్మిది రాని నంబరు తీసుకోడు పాపా. అంకెలు కూడతా పోతే చివరికి తొమ్మిది రావాల్సిందే.”

నిజమే. నాయన పడిన టెంపో నంబరు కూడా కూడితే తొమ్మిదే.

మా ఇంట్లో డిగ్రీ వరకు పోయింది నేనొక్కదాన్నే, బీయస్సీ మ్యాథ్స్. సంఖ్య వందల కోట్లదైనా సరే, దాని అంకెల మొత్తం తొమ్మిదితో భాగం పోతే ఆ సంఖ్య కూడా పోతుంది. కనిపించే ఎనిమిది అంకెలు కూడితే ముప్పై ఆరు. కాబట్టి దాగిన రెండూ కలిపి సున్నా, తొమ్మిది, లేదంటే పద్దెనిమిది కావాలి. అట్లాంటి జతలు పన్నెండే.

“నూటికి పన్నెండు! సదువంటే ఇదీ,” అని అమ్మ తనతో పని చేసే ఈశ్వరమ్మకు చెప్పింది.

“ముందు వాణ్ణి ఫోన్ ఎత్తనీ, ఆ పైన పొగుడుదువులే,” అనింది ఈశ్వరమ్మ.

మొదటి రెండు నంబర్లు లేనే లేవు. మూడో దాంట్లో ఒక ముసలాయన, “యూరియా వచ్చిందామ్మా?” అన్నాడు. కాదంటే, “మరి యాల చేసినావు?” అని తిట్టినాడు. అమ్మ కూడా నవ్వింది.

ఏడోది ఎత్తినారు. “మణికంఠ ఉండాడా?” అన్నాను.

“పావనీ, అమ్మ పక్కనే ఉండాదా?” మా అన్న గొంతే.

“ఊ.”

“రాంగ్ నంబరని చెప్పు. అమ్మ గొంతు వింటే నాకు నాయన శవమే కనబడతాది.” పెట్టేసినాడు.

“ఎవరే?” అనింది అమ్మ.

అన్న చెప్పమన్నదే చెప్పినాను.

మిగిలిన ఐదూ చేసినాను. ఎత్తిన ప్రతి ఒక్కరినీ మణికంఠ ఉండాడా అని అడిగినాను. అమ్మ నా మొహమే చూస్తా ఉంది మరి.

పన్నెండూ అయిపోయినాయి. “నీ లెక్క తప్పిందేమో సూడు పాపా,” అనింది.

లెక్క తప్పలేదు.

“తప్పిందమ్మా,” అన్నాను.

అమ్మ మొహం తేటపడింది. “తప్పితే ఏంలే. ఇంగా ఎనభై ఎనిమిది ఉండాయి గదా. చెయ్.”

చివర సున్నా, ఒకటి కొట్టినాను. అవతల రింగు పోతాంటే, అన్నతో అనాల్సిన మాటకు అమ్మ పెదాలు అప్పుడే కదులుతా ఉన్నాయి.