డాలు మీద అట్టు

నేను ఒక డాలును. సర్కారు రికార్డుల్లో మాత్రం పెనాన్ని. అందుకు నాకేం కోపం లేదు గానీ, విన్నవాళ్లు కిసుక్కున నవ్వితే మాత్రం ఒళ్లు మండుతుంది.

రుద్రాళి గ్రహం మీద ఉల్కల ఇనుము కరిగించి నన్ను పోతపోశారు. శత్రువుల కిరణం ఎక్కడ తగిలినా ఆ వేడిని ఒళ్లంతా సమంగా సర్దుకోవడం నా గొప్ప. కాచవీరుల వంశంలో మూడు తరాలవాళ్లు నా వెనక నక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. బయటికొచ్చాక మాత్రం మీసాలు దువ్వుకుంటూ తమ ప్రతాపమేనని చెప్పుకునేవారు. మనుషులు కదా, పోనిమ్మని ఊరుకునేదాన్ని.

నాలుగో యుద్ధంలో ఓడిపోయాం. గెలిచినవాళ్లు మా వంశాన్నంతా ఒక పాత సరుకుల నౌకలోకి ఎక్కించి, మళ్లీ ఈ గ్రహం మొహం చూడొద్దన్నారు. యుద్ధ సామగ్రి ఒక్కటీ దగ్గర ఉంచుకోకూడదని షరతు పెట్టారు. మావాళ్లు కత్తులూ కవచాలూ అప్పగించేశారు. నన్ను మాత్రం వంశంలో పెద్దావిడ కుప్పమ్మవ్వ వంటింట్లోకి పట్టుకుపోయి, పట్టీలు ఊడబీకి, నూనె రాసి పొయ్యెక్కించింది. ఎంత ఏడ్చానో నాకే తెలుసు. మొదటి అట్టు అంటుకుపోయింది. రెండోది అంచుల దాకా ఒకే రంగులో కాలి వచ్చేసరికి, సిగ్గు విడిచి చెబుతున్నా, మురిసిపోయాను.

నన్ను దాచుకోవడానికి కారణం ఉంది. కాచవీరుల్లో పెళ్లంటే తాళీ తలంబ్రాలూ కాదు. పిల్లా పిల్లాడూ వంశపు డాలు మీద చేతులు వేసి, కష్టమొస్తే ఒకరికొకరు అడ్డం నిలబడతామని ప్రమాణం చెయ్యాలి. డాలు లేకపోతే పెళ్లే లేదు. నౌకలో పుట్టి పెరిగినవాళ్లలో మొదటి పెళ్లికూతురు మైలమ, కుప్పమ్మవ్వ మనవరాలు. పెళ్లి రేపనగా చెప్పాపెట్టకుండా గెలిచినవాళ్ల తనిఖీ అధికారి రుక్మాంగదం దిగబడ్డాడు.

అందరూ భోజనాల గదిలో బారుగా కూర్చుని తింటున్నారు. గుమ్మాలకు మామిడాకులు దొరక్క కరివేపాకు తోరణాలు కట్టారు. రుక్మాంగదం అన్నీ చూసుకుంటూ వచ్చి పొయ్యి దగ్గర ఆగాడు.

"ఇదేంటవ్వా?"

"పెనం నాయనా. కూచో, వేడివేడిగా ఒకటి వేస్తాను."

అంతవరకూ బాగానే ఉంది. మంట ఎక్కువైందని అవ్వ అలవాటు కొద్దీ మసిగుడ్డతో నన్ను రెండు చేతులా పైకెత్తింది. డాలు లేస్తే వంశం లేవాలన్నది కాచవీరుల ఆచారం. నలభైమందీ తింటున్నవి వదిలేసి దిగ్గున లేచి, పిడికిలి గుండెకు ఆనించి బిగుసుకుపోయారు. ఒకాయన నోట్లోంచి అట్టు ముక్క వేలాడుతూనే ఉంది. నన్ను పట్టుకుపోతారని, పెళ్లి ఆగిపోతుందని మైలమ పడుతున్న భయం కళ్లల్లోనే కనబడుతోంది.

"వీళ్లంతా ఎందుకు లేచారు?" అన్నాడు రుక్మాంగదం.

అవ్వ తొణకలేదు. "మా వాళ్లకు అట్టంటే గౌరవం నాయనా."

"అందులోనూ పెసరట్టంటే మరీనండీ," అంది మైలమ.

ఆయన చాలాసేపు ఏదో రాసుకున్నాడు. తర్వాత కూర్చుని రెండు తిన్నాడు, అల్లం పచ్చడి అడిగి మరీ వేయించుకున్నాడు. మూడో దానికి మంట మళ్లీ ఎగదన్నడంతో అవ్వ నన్ను ఎత్తక తప్పలేదు. నలభైమందీ మళ్లీ లేచారు. రుక్మాంగదం వాళ్లను ఒకసారి చూసి, పళ్లెం పట్టుకుని తనూ లేచి నిలబడ్డాడు.

కాగితంలో "పెనం, ఒకటి" అని రాసి సంతకం పెట్టాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"ముహూర్తం ఎప్పుడమ్మా?"

"రేపు పొద్దునండీ," అంది మైలమ.

"అయితే చేతులు వేసే ముందు దాన్ని బాగా చల్లారనివ్వండి," అనేసి వెళ్లిపోయాడు.

మైలమ అక్కడే చతికిలబడి, నవ్వుతూ ఏడ్చింది. అవ్వ మాత్రం ఆయన మాట పెడచెవిన పెట్టి, మర్నాడు ముహూర్తం దాకా చుట్టాలకు అట్లు పోస్తూనే ఉంది. అందుకే నేను పీటల మీదికి వేడి పూర్తిగా ఆరకుండానే వెళ్లాను. ప్రమాణం అయ్యాక పెళ్లికొడుకు బేతయ చురుక్కుమందని చెయ్యి లాక్కున్నాడు. మైలమ తియ్యలేదు. యుద్ధాల్లో నన్ను పట్టుకున్న చేతులన్నీ భయంతో చెమటలు పట్టినవే. ఈ చేతికి పసుపూ, పెసరపిండీ అంటుకుని ఉన్నాయి. ఇంకాసేపు అలాగే ఉంచితే బాగుండుననిపించింది.