గౌస్ పీర్ మామ బండి

ఆ ఆదివారం ఫర్హానా వాళ్ళ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో నాకు బాగా గుర్తుంది. ఫర్హానా, వాళ్ళ నాయన గౌస్ పీర్ మామ, వాళ్ళమ్మ, మంచం మీద మామను కన్నతల్లి, ఫర్హానా జేజి దస్తగిరమ్మ, కడప నుంచి వచ్చిన చిన్నాయన ఫారూఖ్, ఆయన భార్యా పిల్లలు. ఇంకా బనగానపల్లె నుంచి మామిడి షావుకారి ఒకాయన. ఆయన ఒక్కడే కుర్చీలో కూర్చున్నాడు, మిగతావాళ్ళు చాప మీద. అప్పుడే అన్నాలు వడ్డించారు.

గడప బయట మా నాయన సుంకన్న, నేను.

"నువ్వు పిలిస్తే బయటికొస్తాడు, పిలువు" అన్నాడు నాయన. మామా అని పిలిచింది నేనే.

అంతకు కొన్నాళ్ళ ముందు మా అన్న ఓబుళేశుకు ఊరి పైన కొండ మీద గాలిమరల దగ్గర కాపలా ఉద్యోగం వచ్చింది. కొండదారి అంతా గుండ్రాళ్ళు. మామూలు బండి అయితే అడుగుభాగం రాళ్ళకు తగులుతుంది. గౌస్ పీర్ మామ దగ్గర ఒక ఎత్తు మోటార్‌సైకిలు ఉండేది. తార్రోడ్డు మీదా పోతుంది, రాళ్ళలోనూ పోతుంది. ముందు మడ్‌గార్డు టైరుకు జానెడు పైన ఉంటుంది. కంపెనీ వాళ్ళు ఆ బండి చేయడం ఎప్పుడో మానేశారు. మామ మామిడి తోటలు గుత్తకు పట్టేవాడు కాబట్టి ఏళ్ళ తరబడి తోటల్లో దాని మీదే తిరిగాడు. మోకాళ్ళు అరిగిపోయి ఇక కాలెత్తి ఎక్కలేక అమ్ముతానన్నాడు.

అమ్మేటప్పుడు మామ ఏదీ దాచలేదు. "ముందర షాకుల్లో ఆయిలు కారతాది ఓబుళేశూ. చైను మార్చుకోవాల. సీటు నువ్వే చూస్తాండావు, ఎలుకలు కొరికినట్టుండాది. ఇంజను మాత్రం బాగుండాది" అన్నాడు.

బండి మా వాకిట్లోకి రాగానే అమ్మ చీపురు పట్టుకొని దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఏంరా, ఎక్కేదానికి నిచ్చెన గూడా ఇచ్చినారా?"

"నిన్ను ఎక్కించుకునేటప్పుడు అరుగు పక్కన నిలబెడతా లేమ్మా" అన్నాడు అన్న.

ఫర్హానా కూడా చూడ్డానికి వచ్చింది. "మధూ, నువ్వు దీనిమీద కూర్చుంటే దించేదానికి మళ్ళా మా నాయన్ను పిలవాల" అని నవ్వింది. పదో తరగతిలో మా ఇద్దరిదీ ఒకే బెంచీ. సారు నన్ను ప్రశ్న అడిగితే "మధులతకు తెలుసు సార్, చెప్పేకి సిగ్గు" అని నా బదులు తనే లేచి చెప్పేది.

అన్న కర్నూలు పోయి, ఆయిలు కారకుండా షాకులకు వేసే సీళ్ళు, చైను తెచ్చాడు. ఫోన్లో వీడియో చూసుకుంటూ తనే బిగించాడు. విప్పిన బోల్టులు పోకుండా నేను కొబ్బరి చిప్పలో వేసి పట్టుకున్నాను. పని అయిపోయిన మర్నాడు నాయన డ్యూటీకి పోయే ముందు "ఏదన్నా మెత్తటి పాత గుడ్డ ఉంటే ఇయ్యి" అన్నాడు. బండి తుడవడానికేమో అనుకొని నా పాత యూనిఫాం చున్నీ ఇచ్చాను.

మొదట్లో బండి బాగానే పోయింది. తర్వాత కొండ సగం ఎక్కేసరికి నల్లగా పొగ కక్కి ఆగిపోవడం మొదలైంది. శనివారం అన్న దాన్ని తోసుకుంటూ ఇంటికి వచ్చాడు. టయానికి రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటామని పైవాళ్ళు చెప్పారట. నాయన పొగ చూసి "ఇంజను పోయినట్టే" అన్నాడు. ఆయన బేతంచెర్ల గనుల్లో రాళ్ళ లారీ తోలుతాడు. బండ్ల విషయంలో ఇంట్లో ఆయన మాటే చివరి మాట.

అందుకే ఆదివారం ఆ గడప ముందు నిలబడ్డాం.

"ఏమప్పా గౌసూ, సచ్చిన ఇంజను అంటగట్టేకి నా ఇల్లే దొరికిందా నీకు?"

మామ ఎంగిలి చేత్తోనే లేచాడు. "లోపలికి రా సుంకన్నా. ముందు రెండు ముద్దలు తిను. బండి సంగతి తర్వాత చూస్తాం."

"నీ కూడు తినేకి రాలే."

షావుకారి నమలడం ఆపాడు. ఫర్హానా మా కోసం చెంబుతో నీళ్ళు తెచ్చి గడప దగ్గర నిలబడింది. మామ చెయ్యి కడుక్కొని వచ్చి, ఆ చేతిని ఫర్హానా తల మీద పెట్టాడు.

"ఇంజను బాగుండాది. నా బిడ్డ మీద ఒట్టు."

మా ఊళ్ళో చిన్న విషయాలకు ఎవరూ పిల్లల తల మీద చెయ్యి పెట్టరు. ఒట్టు అబద్ధమైతే ఆ పిల్లకే తగులుతుందని అందరి భయం. అందుకే అట్లా ఒట్టు వేశాక ఎదుటి మనిషి ఇంకేం మాట్లాడడు, తలొంచుకొని వెళ్ళిపోతాడు. మా నాయన వెళ్ళలేదు.

"దుడ్ల కోసం ఆడబిడ్డ మీద గూడా దొంగ ఒట్టు యేస్తావా? ఏం మనిషివప్పా నువ్వు!"

మంచం మీద జేజి "యా అల్లా" అని లేచి కూర్చుంది. ఫారూఖ్ చిన్నాయన మీదికి వస్తుంటే మామ ఆపాడు. ఫర్హానా మా నాయన వైపు చూడలేదు. నా వైపే చూసింది. నేను ఏదో ఒకటి అంటానని చూసింది. నేను నా చెప్పులు చూసుకున్నాను.

ఆ సాయంత్రం అన్న బండిని మళ్ళీ విప్పాడు. పక్క డొప్ప తీసి, గాలి పీల్చే గొట్టం దగ్గర వేళ్ళు పెట్టి ఏదో లాగాడు. దుమ్ము పేరుకొని, గోడకు పూసిన సున్నంలాగా గట్టిపడిన గుడ్డ. ఒక మూల నీలం అంచు కనబడింది.

"ఇదేందే, నీ చున్నీ దీంట్లోకి ఎట్లొచ్చె?"

నేను నాయన వైపు చూశాను.

"నేనే కట్టినా" అన్నాడు నాయన. "దుమ్ము పోకుండా. లారీకి అందరమూ తడిగుడ్డ కడతాం గదా."

"లారీ మూతి ఎంత, దీని మూతి ఎంత నాయనా? ముక్కూ నోరూ మూసేసి కొండెక్కమంటే ఎక్కుతాదా?"

అన్న ఒక్క కిక్కు కొట్టాడు. బండి చక్కగా పలికింది. కొండ మీదికి పోయి, చీకటి పడకముందే నవ్వుకుంటూ వచ్చాడు.

"పోయి ఒక మాట చెప్పిరా. పాపం, పిల్ల మీద ఒట్టు యేసినాడంట" అంది అమ్మ.

"అంతమంది ముందర అరిచి వస్తి. ఇప్పుడు ఏ మొగం పెట్టుకొని పోవాల? ఇంగ ఈ మాట మన గడప దాటకూడదు."

అన్న తలెత్తకుండా స్పానర్లు తుడుచుకున్నాడు. ఉద్యోగం నిలబడింది కదా, అతనికి అది చాలు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక నేను ఆ చున్నీని తీసి నా బడి సంచిలో పెట్టుకున్నాను.

సోమవారం ఫర్హానా బడికి రాలేదు. ఏం చెప్పాలో డైరీలో రాసుకొని, నోట్లో అనుకుంటూ, బడి వదలగానే వాళ్ళింటికి పోయాను. ఫర్హానా తలుపు సగమే తీసింది. మెడలో కొత్త తాయెత్తు ఉంది.

"మామ ఒట్టు నిజమే" అన్నాను. "ఇంజను బాగుండాది. మా నాయనే గుడ్డ కట్టి గాలి ఆడకుండా చేసినాడు. ఇదిగో, నా చున్నీనే."

తను చున్నీ తీసుకొని అంచు మీద సిరా మరక చూసింది. ఆ మరక పోయినేడు తన పెన్ను నుంచే పడింది.

"మా జేజి నిన్నట్నుంచి నాయన్ను అడుగుతానే ఉండాది మధూ. నిజం చెప్పురా, ఇంజను బాగుండెనా అని. సొంత కొడుకును. నన్ను ఒంటరిగా గడప దాటనీలేదు. దర్గాకు పిల్చుకపోయి ఇది కట్టించింది."

"నేను లోపలికొచ్చి జేజికి చెప్తా."

"జేజికి చెప్తావు. మరి మా చిన్నాయన వాళ్ళకు? ఆ షావుకారికి? మీ నాయన అరిచినప్పుడు ఈడ ఎవరెవరు ఉండ్రో నువ్వు చూడలేదా?"

చూశాను. ఒక్కొక్కరి ముఖమూ గుర్తుంది.

"మీ నాయన్ను రమ్మను. లోపలికి రావాల్సిన పన్లేదు. నిన్న నిలబడిన చోటే నిలబడి, అంతే గట్టిగా చెప్పమను. వస్తాడా?"



"రాడు" అన్నాను.

ఫర్హానా చున్నీని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది. తలుపు మెల్లగానే మూసింది. లోపల గడియ పడింది.