నీళ్లు నింపిన పడవ

స్కూలు బస్సు పొద్దుటి ట్రిప్పు ముగించుకుని డ్రైవరమ్మ తొమ్మిదిన్నరకల్లా ఇల్లు చేరేది. టీ తాగి వాకిట్లో పాత అల్యూమినియం పడవ ముందు కూర్చునేది. తుక్కు కొట్టులోంచి తెచ్చుకుంది దాన్ని. సొట్టలు చెక్క సుత్తితో సరిచేసింది, పెచ్చులూడే రంగంతా ఎమరీ పేపరుతో గీకిపారేసింది.

మూడో అంతస్తులోని తమ ఇంటి బాల్కనీలోంచి ఆమె అత్తగారు ఆ పని చూస్తుండేది. తుంటి విరిగాక ఆవిడ కిందికి దిగి నాలుగేళ్లయింది. ఎవరైనా మోసుకుని దించుతామంటే, నేనేమన్నా మూటనా అనేది. చివరికి ఆవిడ కూతురు, దూరాన తమ ఊళ్లో మెట్లు లేని ఇల్లుందని, ఆదివారం వచ్చి అమ్మను తీసుకుపోతానని ఖాయం చేసేసింది. అత్తగారు సరేనంది గానీ తిండి తగ్గించేసింది. డ్రైవరమ్మకూ ముద్ద దిగడం లేదు. పన్నెండేళ్లుగా పోట్లాడుకుంటూనే ఇద్దరూ ఒకరికొకరు అలవాటైపోయారు.

శుక్రవారం పడవను రెండు బల్లలమీద నిలబెట్టి, చిల్లులు తెలియడానికి లోపల నీళ్లు పోసింది. కారినచోటల్లా సుద్దతో గుర్తుపెట్టి, ఆరాక చిల్లులు మూసే మందు పూసింది. శనివారం మళ్లీ నీళ్ల గొట్టం పెడితే చుక్క కారలేదు. నీళ్లు నిండేకొద్దీ పడవ బల్లల మీంచి లేచింది. డ్రైవరమ్మ గొట్టంతో సహా ఎక్కి కూర్చుంది. రెండో అంతస్తువాళ్లు ఆరేసిన బట్టలు తీసి దారిచ్చారు. మూడో అంతస్తుకు చేరగానే బాల్కనీ కటకటాల తలుపు తీసింది.

"కాళ్లు తడుస్తాయి అత్తయ్యా."

"తడవనీ. నాలుగేళ్లుగా పొడిగానే ఉన్నాయిగా."

కోడలి భుజం పట్టుకుని ఆవిడే ఎక్కింది. అడుగున బిరడా కొంచెం వదులు చేస్తే, నీళ్లు సన్నగా కారుతూ పడవ మెల్లగా దిగింది. నేల తాకకముందే బిరడా బిగించి తెడ్డు వెయ్యమంది అత్తగారు. వీధి మలుపులో టైలరింగ్ షాపు ఉంది. తుంటి విరిగేదాకా, ముప్ఫైయేళ్లు, అక్కడ ఆవిడే కటింగ్ మాస్టరు. పడవ అక్కడ ఆగగానే యజమాని బయటికొచ్చి అంచు పట్టుకుని చెయ్యందించాడు. యూనిఫాం గుడ్డ గుట్టలుగా పడుందని, కోసే చెయ్యే లేదని చెప్పుకున్నాడు.

ఆదివారం కూతురు వచ్చేసరికి ఇంట్లో అమ్మ లేదు. షాపుకే వెళ్లి, ప్రయాణం సంగతి ఎత్తింది.

పెదాల మధ్యనున్న గుండుసూదులు తీసి పక్కన పెట్టింది తల్లి. "చూసిపోవడానికి వస్తాలే. ఉండిపోవడానికి కాదు. ఆ గుడ్డ చివర కాస్త పట్టుకో, వంకర పోతోంది."

కూతురు చేతిసంచి కింద పెట్టి, గుడ్డ చివర పట్టుకుంది.