ఆమోస్ కొట్టేసిన పేర్లు

తూర్పు టెక్సస్‌లోని ఆ చిన్న ఊళ్ళో ఎన్నికల్లో నిలబడే ప్రతి పెద్దమనిషి నడుము కొలతా ఆమోస్ టిలరీకి తెలుసు. ముప్పై ఏళ్ళుగా వాళ్ళ ప్యాంట్లు కుట్టేదీ, ఏడాదికోసారి వదులు చేసేదీ అతనే. ఓటు వేయడం మాత్రం ఎరగడు. అక్కడ ఉన్నది ఒకటే పార్టీ. డెమొక్రాట్ల ప్రైమరీలో, అంటే అభ్యర్థిని ఎంచుకునే పార్టీ ఎన్నికలో, గెలిచినవాడే కౌంటీకి పోలీసు పెద్ద అయిన షెరీఫు. నవంబరు ఎన్నిక ఉత్త తంతు. ఆ ప్రైమరీలోకి ఆమోస్ లాంటి నల్లవాళ్ళను రానిచ్చేవారు కాదు. 1944 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అది చెల్లదంది.

జూలైలో పోలింగు నాడు పొద్దున్నే ఆమోస్ మూడు టైలు మార్చాడు.

"నిన్ను చూసి ఓటేస్తారనుకుంటున్నావా ఏమిటి? వేయాల్సింది నువ్వయ్యా," అంది భార్య లవీనియా.

"ఇందాకటిది బాగుందా, ఇది బాగుందా?"

"టై ఎంచుకోలేనివాడివి, షెరీఫును ఎలా ఎంచుకుంటావు?"

ఇద్దరూ పోలింగు జరిగే ఫైర్ స్టేషనుకు నడిచారు. బల్ల వెనక కూర్చున్న రూబీ స్టాల్‌వర్త్ వాళ్ళను చూడగానే కాగితాలు సర్దడం మొదలుపెట్టింది. ఆమె ఒంటిమీది గౌను అంచు ఆమోస్ కుట్టిందే.

"ఏం ఆమోస్, ఇలా వచ్చావు? ఏమైనా ఇచ్చిపోవాలా?"

"అవునమ్మగారూ, ఓటు."

"పెద్దాయన్ని అడగాలి. ఆ గోడ పక్కన నిలబడండి."

నిలబడ్డారు. గంట గడిచింది. వచ్చేపోయేవాళ్ళు చూపు తప్పించుకున్నారు. కొందరు ఏం మాట్లాడాలో తోచక, కోటు ఎప్పుడిస్తావని అడిగారు. ఆమోస్ అందరికీ రోజు చెప్పాడు.

"దుకాణం ఇక్కడికే మార్చేద్దామా?" అని లవీనియా అతని చెవిలో గొణిగింది. తరువాత అందరికీ వినబడేలా అంది: "మాకేం తొందర లేదమ్మగారూ. మా అబ్బాయి ఇటలీలో యుద్ధంలో కందకంలో కూర్చోగా లేంది, మేం గోడ పక్కన నిలబడలేమా?"

వరుసలో ఉన్న ఒక ముసలి తెల్లరైతు గొంతు సవరించుకున్నాడు. "నా మనవడూ అక్కడే ఉన్నాడు. వాళ్ళ కాగితాలు వాళ్ళకిచ్చెయ్ రూబీ, ఎండెక్కుతోంది."

ఆ పెద్దాయనెవరో, ఎక్కడున్నాడో మరి, రూబీ ఇంకెవరినీ అడగకుండానే కట్టలోంచి రెండు బ్యాలెట్లు చింపి ఇచ్చింది.

తెర చాటుకు వెళ్ళి ఆమోస్ పెన్సిలు అందుకున్నాడు. అక్కడ ఓటంటే నచ్చినవాడి పేరుకు గుర్తు పెట్టడం కాదు, నచ్చనివాళ్ళ పేర్లన్నీ కొట్టేయడం. తెల్లవాడి పేరు మీద గీత గీయడం అతను యాభై ఎనిమిదేళ్ళలో కలలో కూడా చేయని పని. మొదటి గీత కనీకనబడకుండా గీశాడు. రెండోది కాస్త గట్టిగా. షెరీఫు హాస్కెల్ పేరు దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ముల్లు విరిగింది. గోటితో చెక్కుకుని మరీ ఆ గీత పూర్తిచేశాడు.

గెలిచింది హాస్కెలే. అతని మీద షెరీఫు పదవికి పోటీచేసి ఓడిన కినియర్ సోమవారం దుకాణానికి వచ్చాడు.

"పెట్రోలు రేషను కూపన్లు చాలక కౌంటీ అంతా కాలినడకన తిరిగాను. నడుము నాలుగంగుళాలు తగ్గింది, ఎన్నికా పోయింది," అన్నాడు. ఆమోస్ వంగి అతని ప్యాంటు నడుము తగ్గించడానికి గుండుసూదులు గుచ్చుతున్నాడు. "నిజం చెప్పు. నా పేరు కొట్టేశావా?"

"లేదు సార్. అలాగే ఉంచాను."

"నువ్వొక్కడివైనా ఉన్నావు."

"నేను కొట్టేశాను," అంది కుట్టుమిషను దగ్గర్నుంచి లవీనియా.

ఆమోస్ గబగబా మరో రెండు సూదులు గుచ్చేశాడు.

"ఎందుకని?" అన్నాడు కినియర్.

"కౌంటీ అంతా తిరిగానని ఎన్నికల ముందు నుంచీ అంటున్నారు. మా వీధికి రాలేదు."

కినియర్ ముఖం ఎర్రబడింది. "హాస్కెల్ వచ్చాడా?" అని అడిగాడు.

"ఆయనా రాలేదు. కానీ తిరిగానని చెప్పుకోలేదు."

కినియర్ నవ్వబోయి దగ్గాడు. తెర వెనక్కి వెళ్ళి ప్యాంటు మార్చుకుని, బుధవారం వస్తానని వెళ్ళిపోయాడు.

"నా ఓటూ నీ ఓటూ చెల్లుకు చెల్లయిపోయాయి కదే," అన్నాడు ఆమోస్ నీరసంగా కూలబడి.

లవీనియా ఆ ప్యాంటు తిరగేసి చూసింది. "ముందు ఈ సూదులు తీసి మళ్ళీ గుచ్చు. కంగారులో పాపం ఆయన నడుము ఆరంగుళాలు తగ్గించావు."