ఇద్దరం కలిసి నడిపిన మిషన్

ఇంకేమైనా మర్చిపోయానా, లేదు, కేబులు కాళ్ళకి అడ్డం రాకుండా గోడవారగా వేశాను, కళ్ళద్దాలు పెట్టుకున్నాను, బూట్లు వేసుకున్నాను, ఈ బుద్ధంతా ఆ రోజు ఏ గంగలో కలిసిందో, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, అననీ ఎవరైనా, నాకేమీ అనిపించడం లేదు, ఇరవై రెండు రోజులుగా ఏమీ అనిపించడం లేదు, పొద్దున మా ఆయన చేతికి కట్టు మారుస్తూ చూపుడువేలూ మధ్యవేలూ ఉండాల్సిన చోటు చూసి, దూది అయిపోవచ్చింది, తేవాలి, అనుకున్నాను, అంతే, రేపటికి బేకరీ పొయ్యిలోకి కట్టెల్లేవు, ముందు అది చూడాలి, మీటకి ఆయన కట్టిన తీగ ఇంకా అలాగే ఉంది, అది కోసెయ్యాలనే కటింగ్ ప్లయర్ తెచ్చుకున్నాను, ఈ కట్టెలు చీల్చే మిషన్‌కి ఒకే మనిషి రెండు చేతులూ కావాలి, కుడిచెయ్యి బటన్ మీద, ఎడమచెయ్యి మీట మీద, ఏది తీసినా ఆగిపోతుంది, మొద్దు పెట్టు, వచ్చి రెండూ నొక్కు, ముక్కలు తియ్యి, మళ్ళీ రా, దీనికంటే నత్త నయం అని విసుక్కుని ఆయన మీటని తీగతో బిగించేశారు, ఇక నువ్వు బటన్ చూసుకో, నేను మొద్దులు పెడతా, తట్టగానే నొక్కు, అన్నారు, మొద్దు మీద రెండుసార్లు తట్టేవారు, నేను నొక్కేదాన్ని, ఇనపపలక మొద్దుని తోసేది, అవతలి ఇనపముక్కు దాన్ని ఫట్‌మని చీల్చేది, ముప్పై మొద్దులు, నలభై, ఎంత ముచ్చటగా సాగిందో, అప్పుడొక వంకరది, అడుగు ఏటవాలుగా కోసిన మొద్దు, పక్కకి దొర్లింది, ఆయన సర్దుతున్నారు, ఇంకా తట్టలేదు, చెయ్యి అలవాటుగా నొక్కేసింది, చెయ్యేమిటి, నేనే, నేనే నొక్కాను.

డాక్టరుతో, ఒక్కణ్ణే ఉన్నానండీ, అన్నారు, తర్వాత మత్తులో నా చెవి దగ్గర, ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు, అమ్మకి తెలిస్తే నిన్ను బతకనివ్వదు, అని నవ్వబోయారు, ఊరుకున్నాను, నిజంగానే ఎంత సుఖంగా ఉందో, అత్తయ్య రోజూ అదే పాట, ఒక్కడివే ఎందుకు పెట్టుకున్నావురా, పెళ్ళాన్ని పిలవడానికి నోరు పడిపోయిందా, పక్కన ఇంకో మనిషుంటే ఇలా అయ్యేదా, ఆయన ఎడంచేత్తో పిండి పిసుకుతారు, నేను ట్రేలు తుడుస్తాను, తుడిచినవే మళ్ళీ తుడుస్తాను.

అదుగో, వచ్చేసింది అత్తయ్య, ఒక్కదానివే మొదలెట్టేశావా, వాడు చేసిన తప్పే నువ్వూ చేస్తావా తల్లీ, నువ్వు బటన్ నొక్కు, నేను మొద్దు పట్టుకుంటా, అంటూనే ఒకటి ఎత్తి పెట్టేసింది, వద్దత్తయ్యా, ఇది ఒకరే నడపాలి, అన్నాను, ఒకరే నడిపితే ఏమైందో చూశాంగా, అంది, మేం చెప్పిన కథ ప్రకారం ఆవిడ మాటే సబబు, మొద్దు మీద ఆవిడ చెయ్యి, పొట్టి వేళ్ళు, అచ్చం ఆయనవే, కణుపులు లావు, నా చేతిలో వైరు, ఇంకా ప్లగ్గు పెట్టలేదు, పెట్టను, ఈవేళ పెట్టను సరే, రేపు నేను లేనప్పుడు కొడుకుని ఒక్కణ్ణీ వదలకూడదని వచ్చి ఇలాగే పట్టుకుంటుంది, ఎల్లుండీ పట్టుకుంటుంది, ప్రేమతో పట్టుకుంటుంది, నన్ను కాపాడ్డానికి ఆయన ఆడిన అబద్ధమే ఈ చేతిని తెచ్చి ఇక్కడ పెట్టింది, ఊరుకున్నన్నాళ్ళూ ఇది ఇక్కడే ఉంటుంది, అత్తయ్యా, ఆ రోజు ఆయన ఒక్కరే లేరు, ఇలాగే ఆయన పట్టుకున్నారు, బటన్ నొక్కింది నేను, అన్నాను, ఆవిడ చెయ్యి మొద్దు మీంచి మెల్లగా లేచింది, తిడుతుంది కాబోలు, తిట్టనీ, బతికినన్నాళ్ళూ పది వేళ్ళూ నా మీదికి చాచి తిట్టనీ.